ఆడబిడ్డ మొదట ఎక్కిన బండి

ఇప్పుడు నేను చేతికర్ర పట్టుకుని వీధి చివరి పాల దుకాణం దాకా వెళ్లి రాగలుగుతున్నాను. తిరిగొచ్చాక అరుగు మీద కూలబడి కాసేపు రొప్పుతాను గానీ, ఎవరి చెయ్యీ అడగడం లేదు. ఎడమకాలు కుడికాలికంటే కొంచెం పొట్టిదైంది. మోకాలు సగానికి మించి వంగదు. "ఇగ నువ్వు కొట్టనీకొస్తె నేను సులువుగ ఉరుకుత" అని మా ఆయన ఆటపట్టిస్తాడు. నవ్వుతాను. ఈ నవ్వు రావడానికి కూడా చాలా నెలలు పట్టింది.

రాయడం నా పని కాదు. గద్వాలలో చీరలు నేసే ఇంటి కోడలిని. పదో తరగతి దాకా చదివిన చదువును కిరాణా చీటీలకు తప్ప దేనికీ వాడలేదు. కాలికి కసరత్తులు చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయి, రోజూ నా ఏడుపు చూసి విసిగిపోయి కాబోలు, "ఎవ్వరికి చెప్పుకోలేనిది కాయితం మీద పెట్టు అత్తమ్మా" అంది. అందుకని పెడుతున్నాను. ఇంట్లో పిల్లవాడికి బండి కొనబోయే వాళ్లెవరైనా చదివితే మంచిదే. చదవకపోయినా నా గుండె బరువు కొంత దిగుతుంది.

ముందే చెప్పేస్తాను. ఆ రోజు బండి నడిపిన పిల్లవాడు లేడు. వాడు నా తమ్ముడి కొడుకు సాయి. నాకు బాగైందని ఎవరైనా సంతోషంగా అంటే, వాడు లేకుండా ఆ మాటకు ఏమని జవాబివ్వాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పుట్టిల్లు ఆత్మకూరు. అమ్మానాన్నలు పోయి చాలా ఏళ్లైంది. పుట్టిల్లంటే తమ్ముడు నర్సింహ, మరదలు పద్మ, వాళ్ల ఒక్కగానొక్క కొడుకు సాయి. బస్టాండు దగ్గర తమ్ముడికి చిన్న బట్టల దుకాణం ఉంది. మాకు పిల్లలు లేరు. సాయి చిన్నప్పుడు బడి సెలవులన్నీ మా ఇంట్లోనే గడిచేవి. మగ్గం గుంతలో మా ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుని, కాళ్లు అందకపోయినా తొక్కుతున్నట్టు నటించేవాడు. దారపు కండెలు చిందరవందర చేసి నాతో తిట్లు తినేవాడు. వాడికి నేను అత్తనే, కానీ నా లోపల ఏ పేరు పెట్టుకున్నానో నాకు తెలుసు.

వనపర్తిలో డిగ్రీలో చేరాక సాయి రోజూ బస్సులో వెళ్లొచ్చేవాడు. బస్సు నిండిపోతుంది, నిలబడి నడుములు పడిపోతున్నాయి, దోస్తులందరికీ బండ్లున్నాయి అని ఇంట్లో పోరుపెట్టాడు. తమ్ముడు చాలాకాలం బిగబట్టాడు. చివరికి ఒక్కడే కొడుకు కదా అని కొన్నాడు.

మా పుట్టింటి వైపు ఒక పద్ధతి ఉంది. ఇంటికి కొత్త ఎడ్లు వచ్చినా, కొత్త బండి వచ్చినా హారతి ఇవ్వాల్సింది ఆడబిడ్డే. పూజ అయ్యాక ఆ బండి మొదట ఎక్కాల్సింది కూడా ఆమే. మా నాన్న సైకిల్ కొన్నప్పుడు మా మేనత్త వెనక క్యారియర్ మీద కూర్చుని మహారాణిలాగా ఊరంతా తిరిగింది. ఆమె దిగేదాకా మమ్మల్నెవరినీ ఆ సైకిల్ ముట్టనివ్వలేదు. అందుకే సాయి బండి కొన్న రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "అత్తా, శనివారం బీచుపల్లిల పూజ. నువ్వు రాంది బండి కదలదు. మంచి చీర కట్టుకొని రా" అన్నాడు. నేను నేసిన చీరల్లో నాకోసం ఉంచుకున్నది ఒకటే ఉంది. అదే కట్టుకున్నాను.

ఫిబ్రవరి నెల. ఎండ ఇంకా ముదరలేదు. గద్వాల నుంచి నేను బస్సులో వెళ్లాను. తమ్ముడూ పద్మా ఆటోలో వచ్చారు. సాయి కొత్త బండి మీద, వాడి స్నేహితులిద్దరు ఇంకో బండి మీద వచ్చారు. ఆంజనేయస్వామి గుడి ముందు బండికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలదండ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. బండితో పాటు కొన్న హెల్మెట్ ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. బండికి పెట్టినట్టే పద్మ దానికి కూడా బొట్టు పెట్టింది. నేను హారతిచ్చాను. అందరం దండం పెట్టుకున్నాం.

బయలుదేరేటప్పుడు సాయి ఆ హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పూజారి వాడి నుదుటి మీద స్వామి సిందూరం నిండుగా దిద్ది ఉన్నాడు.

"ఇల్లు చేరేదాక స్వామి సిందూరం చెరగొద్దు నాయినా" అంది పద్మ.

మాలో ఎవరమూ కాదనలేదు. తలకు పెట్టుకోవాల్సిన దానికి బొట్టు పెట్టి, దండం పెట్టి, హ్యాండిల్‌కు తగిలించి బయలుదేరాం. ఇప్పుడు తలుచుకుంటే పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఆ క్షణంలో అది భక్తిలాగే కనిపించింది. మా దగ్గర ఇప్పటికీ బండ్ల పూజకు వెళ్లే వాళ్లు ఇలాగే చేస్తున్నారు. చూసినప్పుడల్లా వెళ్లి చెప్పాలనిపిస్తుంది, నోరు పెగలదు.

సాయి వెనక నేను కూర్చున్నాను. కృష్ణ మీది వంతెన దాటేదాకా వాడు నెమ్మదిగానే నడిపాడు. కింద నీళ్లు చూపించి ఏదో జోకు కూడా వేశాడు. పెబ్బేరు వైపు రోడ్డు ఖాళీగా కనబడగానే వాడి స్నేహితుల బండి పక్కనుంచి కూతలు పెట్టుకుంటూ దూసుకుపోయింది. సాయి భుజాలు బిగుసుకోవడం నాకు తెలిసింది. బండి ఒక్కసారి ముందుకు దూకింది.

"మెల్లగ పో సాయీ" అన్నాను.

"భయపడకత్తా, నేనున్న కదా" అని నవ్వాడు.

ఆ తర్వాత ఏమన్నా గాలికి కొట్టుకుపోయింది. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. కొంగు ఎగిరిపోతుంటే ఒక చేత్తో దాన్ని, ఒక చేత్తో వాడి చొక్కాను పట్టుకున్నాను. ఆపమని అరిచాను. ముందు పల్లీల బస్తాలతో ఒక డీసీఎం లారీ వెళ్తోంది. స్నేహితులు దాన్ని కుడి పక్కనుంచి దాటేశారు. మేము దగ్గరికి వచ్చేసరికి కుడి పక్క ఒక బస్సు వచ్చేసింది. ఆగాల్సిన చోట సాయి ఆగలేదు. డీసీఎంకూ రోడ్డు అంచుకూ మధ్య ఉన్న ఇరుకు సందులోకి, ఎడమ వైపుకు బండిని దూర్చాడు. చక్రం మట్టిలోకి దిగి జారింది. హ్యాండిల్ డీసీఎం వెనక భాగానికి తగిలింది.

ఆ డీసీఎం తన దారిన తిన్నగా పోతోంది. అటు గానీ ఇటు గానీ తిరగలేదు. నేను నా కళ్లతో చూసింది ఇంతే. ఈ చిన్న సంగతే తర్వాత నాకు పుట్టిల్లు లేకుండా చేసింది.

తెలివి వచ్చేసరికి రోడ్డు పక్కన గడ్డిలో ఉన్నాను. కాలు నాది కానట్టుగా పక్కకు పడి ఉంది. ఒకతను మోకాళ్ల మీద కూర్చుని తన తువ్వాలతో ఆ కాలును ఒక చెక్కకు కట్టేస్తున్నాడు. "కదలకమ్మా, జర ఓర్చుకో, బండి వస్తున్నది" అంటున్నాడు. సీసా మూతతో నీళ్లు పోసి నా పెదాలు తడిపాడు. సాయి ఏడని అడిగాను. అతను నా మొహానికి ఎండ తగలకుండా అడ్డంగా కూర్చున్నాడు. అతనే ఆ డీసీఎం డ్రైవరని నాకప్పుడు తెలియదు.

వనపర్తి దవాఖానలో నాకు తొడ ఎముకలో కడ్డీ వేశారు. మోకాలి చిప్ప ముక్కలైందన్నారు. ఆ నొప్పి గురించి ఎక్కువ రాయను. రాసినా పడని వాళ్లకు తెలియదు, పడిన వాళ్లకు చెప్పనక్కరలేదు. మత్తు దిగినప్పుడల్లా నేను అడిగేది ఒకటే, సాయి ఎట్లున్నాడని. "హైద్రాబాద్ తీస్కపోయిన్రు, మంచిగైతుండు" అనేవాడు మా ఆయన. చెప్పేటప్పుడు సెలైన్ సీసాను చూసేవాడు. మా ఆయనకు అబద్ధం చేతకాదు. కాలు తీసేస్తారేమోనన్న భయంలో నేను ఆ సంగతి పట్టించుకోలేదు. బహుశా పట్టించుకోవడం ఇష్టం లేకపోయింది.

దవాఖానలో రోజులు ఎదురుచూపులే. డాక్టర్ వచ్చేదాకా, సూది వేసేదాకా, పక్క మార్చేవాళ్లు దొరికేదాకా చూడాలి. తన తల తాను సరిగ్గా దువ్వుకోని మా ఆయన, రోజూ నా జుట్టు చిక్కు తీసి జడ వేసేవాడు. దారాలతో బతికిన చేతులు కదా, ఒక్క వెంట్రుక లాగేవాడు కాదు. పక్క మంచం మీది ముసలామె కోడలు పొద్దున్నే టీ తెచ్చుకుంటే, అడగకుండానే సగం మా ఆయన గ్లాసులో పోసేది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. తమ్ముడు రెండుమూడుసార్లు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లాడు. పద్మ రాలేదు. కొడుకు దగ్గర ఉందనుకున్నాను.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం, మా ఆయన మందులకు వెళ్లినప్పుడు, ఒక పెద్దామె వార్డులోకి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, కాళ్లకు దుమ్ము. మంచాలన్నీ వెతుక్కుంటూ నా దగ్గర ఆగింది.

"కాలు ఎట్లున్నదమ్మా?" అంది. "మాది ఉప్పునుంతల. నీ కాలుకు తువ్వాల కట్టినోడు నా కొడుకు అంజయ్య. ఆ డీసీఎం నడిపింది వాడే."

కూర్చోమన్నాను. సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి నా దిండు పక్కన పెట్టింది. కొడుకు కోసం ఏదైనా అడుగుతుందేమోనని నేను చూస్తున్నాను. ఆమె ఏమీ అడగలేదు. చాలాసేపు నా కాలినే చూసి, కళ్లు తుడుచుకుని అంది.

"మీ పిల్లగాడు గట్ల పోయినకాడి నుంచి మావోడు సక్కగ అన్నం తింటలేడమ్మా. బెయిల్ మీద ఇంటికొచ్చిండు గని, స్టీరింగ్ ముడితె చేతులు వణుకుతున్నయంటడు."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. తర్వాత నేను ఎలా అరిచానో నాకు గుర్తులేదు. వార్డంతా మంచాల మీద లేచి కూర్చుందని మా ఆయన తర్వాత చెప్పాడు. ఆ పెద్దామె, నాకు తెలియదనుకోలేదని, తన నోరు పడిపోవాలని ఏడుస్తూ నా తల నిమిరిందట. సాయి ఆ రోడ్డు మీదే పోయాడు. నేను సెలైన్ ఎక్కించుకుంటుంటే వాడి అంత్యక్రియలు అయిపోయాయి. ఆ ఇంటి ఆడబిడ్డను, అయినా వాడి మొహం చివరిసారి చూడలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. దాచాల్సింది ఇక లేదు కాబట్టి నా మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. వాడి తల మీద చెయ్యి వేసి నేనూ ఏడ్చాను. కొంతసేపటికి తలెత్తాడు. మొహం మారిపోయింది.

"రేపు పోలీసోళ్లు వస్తరు నీ మాట రాసుకోనీకి. డీసీఎం ఒక్కసారిగ ఎడమకు కట్ కొట్టిందని చెప్పక్కా. వాని దోస్తులిద్దరు అదే చెప్పిన్రు."

"గట్ల కాలే నర్సింహా" అన్నాను.

"నీకు తలకు దెబ్బ తాకింది. నీకేం యాదుంటది?"

"నాకు తలకు ఏం కాలే. కాలుకే."

వాడు లేచి నిలబడ్డాడు. "నా కొడుకు తప్పని చెప్తవా? చచ్చిపోయినోని మీద పెడ్తవా? ఒక్క మాటక్కా. ఒక్క మాటతోని నా సాయి మంచోడైతడు. లేకపోతె ఊరంత నా కొడుకు మిడిసిపడి సచ్చిండంటది."

కోపంతో అన్నా నాకు వాడి బాధ అర్థమైంది. కొడుకు ఎలాగూ రాడు. పేరైనా మిగలాలని చూస్తున్నాడు. ఆ రాత్రంతా నిద్ర లేదు. ఒకవైపు నా పుట్టిల్లు, ఇంకోవైపు నా కాలికి తువ్వాల కట్టిన మనిషి. తమ్ముడు అడిగినట్టు చెబితే ఆ మనిషి తన తప్పు లేకుండా జైలుకు పోతాడు. చెప్పకపోతే నాకు తమ్ముడు ఉండడు. ఏం చేయమంటావని మా ఆయనను అడిగాను.

"నేను ఆడ లేను. నీ కండ్లకు ఏం కనవడ్డదో అది చెప్పు. తర్వాత ఏమైనా ఇద్దరం పడదాం" అన్నాడు.

మర్నాడు పోలీసాయన కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాడు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. స్నేహితుల బండి దాటడం, సాయి వేగం పెంచడం, బస్సు రావడం, ఎడమ సందులోకి దూరడం, డీసీఎం ఎటూ తిరగకపోవడం, అన్నీ చెప్పాను. చెప్తున్నంతసేపూ నేనే సాయి గొంతు నొక్కుతున్నట్టు అనిపించింది. వేలిముద్ర వద్దు, సంతకం చేస్తానన్నాను. తలెత్తి చూసేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

ఏప్రిల్‌లో ఇంటికి తెచ్చారు. కప్పు సెగలు కక్కే ఎండల్లో మంచం మీద పడి ఉన్నాను. మా చీరలకు నేతలో అంచు కలపడానికి మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నా చోట పక్కింటామె వచ్చి కూర్చునేది. గోడ అవతల మగ్గం చప్పుడు వింటూ, ఎక్కడ తప్పు పడుతుందో చెవితోనే పట్టుకుని ఇక్కడినుంచి కేకలేసేదాన్ని. "మంచంల ఉన్నా పెత్తనం తగ్గలే" అని ఆయన విసుక్కునేవాడు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మోకాలు వంచేటప్పుడు పెట్టిన పెడబొబ్బలకు వీధి పిల్లలు కిటికీ దగ్గర మూగేవారు. మేలో ఒక రోజు, ఎవరూ లేనప్పుడు, పాకుతూ వెళ్లి మగ్గం గుంతలోకి కాళ్లు దింపబోయాను. కుడికాలు దిగింది. ఎడమకాలు కర్రలా బయటే ఉండిపోయింది. సాయి చిన్నప్పుడు కాళ్లు అందకుండా కూర్చున్నది ఆ చోటే. అక్కడే చాలాసేపు ఏడ్చాను.

కాలికంటే పుట్టింటి మౌనం నన్ను ఎక్కువ తిన్నది. ఫోన్ చేస్తే తమ్ముడు ఎత్తేవాడు కాదు. పద్మకు చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆత్మకూరు నుంచి ఎవరు కలిసినా "సొంత మేనల్లుని మీదనే సాక్ష్యం చెప్పిందంట" అని ఊళ్లో అనుకుంటున్నారని చెప్పేవారు. అలా చెప్పేవాళ్లకు టీ పోసి పంపడం కూడా నా కర్మ. నేను చేసింది సరైందేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె చల్లబడదు. అమ్మ పోయినప్పుడు కూడా నాకు పుట్టిల్లు ఉంది. ఇప్పుడు లేదనుకున్నాను.

శ్రావణంలో రాఖీ పున్నమి వచ్చింది. మా ఆయన వద్దన్నాడు. "పోయి మాటలు పడుతవా?" అన్నాడు. పడతానన్నాను. వాకర్ మడిచి బస్సులో పెట్టి, ఆయన సాయంతో ఎక్కాను. ఆత్మకూరులో దిగి ఆ కొంచెం దూరం నడిచేసరికి చెమటలు కారిపోయాయి. తలుపు పద్మ తీసింది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి, వాకర్ చూసి, పక్కకు జరిగింది.

లోపల తమ్ముడు నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడ మీద సాయి ఫోటోకు దండ. నాకు కింద కూర్చోవడం రాదు. కుర్చీ లేదు. వాకర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. తమ్ముడు ఫోటో వైపు చూస్తూనే మాట్లాడాడు.

"జూన్ల వాని పుట్టినరోజు వచ్చిందక్కా. దోస్తులు చౌరస్తాల పెద్ద బ్యానర్ కట్టిన్రు. ర్యాలీ తీస్తమని అందరు బండ్లేసుకొని వచ్చిన్రు. వాని మీద ప్రేమ కదా అని నేను దుకాణం ముంగట నిలబడ్డ. సైలెన్సర్లు తీసేసి, చెవులు పగిలేటట్టు సప్పుడు చేసుకుంట, ముంగటి చక్రాలు లేపుకుంట పోతుండ్రు. ఒక్కని తలకు గూడ హెల్మెట్ లేదు. రోడ్డు దాటుతున్న ముసలామె బుగులుకు బెదిరి మోరీ కాల్వల పడ్డది. పోయి లేపిన. ఆమె నన్ను చూసి, వీళ్లను కన్న అవ్వయ్యలు ఎవరోనయ్యా అన్నది."

వాడు అప్పుడు నా వైపు తిరిగాడు.

"నేను ఇన్ని దినాలు లారీవోడు లారీవోడు అని తిట్టుకుంటున్న. ఆ దినం ఏమైందో నిన్ను ఒక్కసారి గూడ అడగలే. ఏం చెప్పాల్నో నేనే చెప్పిన. ఇప్పుడు చెప్పక్కా. మొత్తం చెప్పు."

చెప్పాను. పోలీసులకు చెప్పనివి కూడా చెప్పాను. వంతెన మీద వేసిన జోకు, "నేనున్న కదా" అన్న మాట, ఆ నవ్వు.

"మెల్లగ పొమ్మన్నవా?"

"అన్న. ఆపమని మొత్తుకున్న."

"ఇన్లేదా?"

"గాలికి ఇనవడలేదేమో నర్సింహా."

తలుపు దగ్గర నిలబడ్డ పద్మ అప్పుడు నోరు విప్పింది. "ఇనవడ్డా ఇనకపోయెటోడు వదినె. దోస్తుల బండి మీద నన్ను వనపర్తి దవాఖానకు తీస్కపోయినప్పుడు గట్లనే నడిపిండు. పానం చేతుల పట్టుకొని కూసున్న. నాయినకు చెప్తె బండి కొనియ్యడు, చెప్పకమ్మా అన్నడు. నేను చెప్పలే." భర్త వైపు తిరిగింది. "నేను చెప్పలేదయ్యా."

తమ్ముడు ఆమెను తిట్టలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ రోజు వాడి చేతికి రాఖీ కట్టానో లేదో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. వాడు అడిగిన ప్రశ్న మాత్రం గుర్తుంది.

"ఆ డ్రైవర్ పేరేందక్కా?"

"అంజయ్య."

మరో వారం తిరగక ముందే ముగ్గురం బయలుదేరాం. వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్‌లో ఇంకో బస్సు మారి ఉప్పునుంతల చేరాం. దారిలో బస్సును ఎవరైనా బండి మీది పిల్లలు దాటినప్పుడల్లా పద్మ కళ్లు మూసుకునేది.

అంజయ్య ఇంట్లోనే ఉన్నాడు. డ్రైవింగ్ మానేసి కూలికి పోతున్నాడట. మమ్మల్ని చూడగానే లేచి గోడకు ఆనుకున్నాడు, కొడతామనుకున్నాడో ఏమో. వాళ్లమ్మ నీళ్లు తెచ్చింది. తమ్ముడు చెంబు అందుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

"అన్నా, నేను జర కుడికి జరిగితె మీ పిల్లగాడు బతుకుతుండెనేమో" అన్నాడు అంజయ్య. "గదే యాదికొస్తది నాకు. అద్దంల ఎడమ దిక్కు చూస్తె కనవడుతుండెనేమో. నిద్ర పడ్తలేదన్నా."

తమ్ముడు చెంబు కింద పెట్టాడు. ఏం మాట్లాడాలో బస్సులోనే కూడబలుక్కున్నాడని నాకు తెలుసు. పోలీసులతో మాట్లాడతాను, మా వాళ్ల ఫిర్యాదు సంగతి నేను చూసుకుంటాను అని అనాలనుకున్నాడు. అవేవీ నోటికి రాలేదు.

"నువ్వు నీ దారిల సక్కగ పోయినవ్ అంజయ్యా" అన్నాడు. "తప్పు మావోనిదే. నా కొడుకుదే."

ఆ మాట అనగానే తమ్ముడు ఆ వాకిట్లోనే మట్టిలో కూలబడి, చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. వాడిని లేపడానికి నేను వంగబోయాను. నా కాలు వంగలేదు. పద్మ ఒక వైపు నుంచి, అంజయ్య ఒక వైపు నుంచి చెరో రెక్క పట్టుకుని నా తమ్ముణ్ణి లేపి నిలబెట్టారు.